తాగనివాళ్ళకూ బిల్లు

క్రూజ్ ఓడల్లో మందు విషయంలో ఇప్పుడున్న నియమాల్లో నాకు ఎంతకీ మింగుడుపడనిది ఒకటుంది. ఒక గదిలో ఇద్దరు పెద్దవాళ్ళు దిగారనుకోండి. ఒకరు ముందే డబ్బు కట్టి తాగే డ్రింక్స్ ప్యాకేజీ కొంటే రెండోవాళ్ళూ కొని తీరాలి. ఆ రెండో మనిషి పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టకపోయినా సరే, కొనాల్సిందే. అమెరికాలో పేరున్న కంపెనీలు చాలావాటిలో ఇదే వరస. ఇది ఎవరి క్షేమం కోసం పెట్టిన నియమమో ఒక్కరైనా నాకు చెప్పగలరా?

నేను నెల్లూరు నుంచి హ్యూస్టన్ వచ్చింది 1970ల చివర్లో. శనివారం రాత్రి అయితే టీవీలో ‘ది లవ్ బోట్’ అనే ఓడ సీరియల్ వచ్చేది. బార్ వెనక నిలబడే ఐజాక్‌ని చూసి, ఎప్పటికైనా అలాంటి ఓడెక్కాలని మాలాంటి కొత్త కాపురాలవాళ్ళందరూ అనుకునేవాళ్ళు. మా ఊరి పక్కనున్న గాల్వెస్టన్ రేవు నుంచి ఏడాది పొడుగునా క్రూజ్ ఓడలు తిరగడం 2000లో గానీ మొదలు కాలేదు. కాబట్టి ఓడంటే మయామి వెళ్ళాల్సిందే. డబ్బులు కూడబెట్టుకుని, సెలవులు కలుపుకుని వెళ్ళేవాళ్ళం.

మా రోజుల్లో ఓడలు చిన్నవి. రాయల్ కరీబియన్‌వాళ్ళ మొదటి ఓడ ‘సాంగ్ ఆఫ్ నార్వే’ 1970లో వచ్చినప్పుడు ఎక్కినవాళ్ళు ఏడొందల పైచిలుకు. 2024లో అదే కంపెనీ దించిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’లో నిండితే 7,600 మంది పడతారు. ఆ చిన్న ఓడల్లో రెండో రోజుకల్లా బార్‌లో కుర్రాడికి మన పేరు తెలిసేది. మనమేం తాగుతామో, ఎన్ని తాగుతామో కూడా తెలిసేది.

సాగనంపడానికి స్నేహితులు ఓడలోకే వచ్చేవాళ్ళు. సీసా వాళ్ళే తెచ్చేవాళ్ళు. ఇరుకు గదిలో మంచం అంచున ఇద్దరు, పెట్టె మీద ఒకరు కూర్చుని, ప్లాస్టిక్ గ్లాసుల్లో తలా కాస్త పోసుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. బయల్దేరే ముందు ఓడ మనిషి గంట కొట్టుకుంటూ వరండాలో తిరిగితే, వచ్చినవాళ్ళు దిగి రేవులో నిలబడి చేతులూపేవాళ్ళు. సెయింట్ థామస్‌లో ఓడ ఆగితే సుంకం లేని రమ్ము, విస్కీ దొరికేవి. అట్టపెట్టెకు తాడు కట్టించుకుని, చేత్తో పట్టుకుని అందరి ముందూ ఓడెక్కేవాళ్ళం. మేమెక్కిన ఓడల్లో ఆపినవాడు లేడు. సాయంత్రం గది చూసుకునే కుర్రాడే బకెట్టులో ఐసూ, రెండు గ్లాసులూ తెచ్చిపెట్టేవాడు. ఓ డాలరు చేతిలో పెడితే సంతోషంగా వెళ్ళేవాడు.

బార్‌లో కూర్చుంటే గ్లాసు గ్లాసుకూ చీటీ వచ్చేది. ధర చూసి, గది నంబరు వేసి, సంతకం పెట్టాలి. ఆ సంతకంలో ఎంత ఉపకారముందో ఇప్పుడు తెలుస్తోంది. ఎంత తాగామన్నది మన కళ్ళ ముందే కాగితం మీద ఉండేది. మూడో చీటీ దగ్గర చెయ్యి తనంతట తానే ఆగేది. పక్కనున్న భార్య కూడా చీటీ వంక ఒక చూపు చూసేది, అది చాలు. ఎవరూ నీతులు చెప్పకుండానే మనిషి మితంలో ఉండేవాడు.

ఇప్పుడు మెడలో తాడుకో, ముంజేతి పట్టీకో కార్డు. ప్యాకేజీ తీసుకున్నవాడికి ధర కనపడదు, లెక్క తెలియదు. కనపడేది ఒక్కటే, ముందుగా కట్టేసిన డబ్బు. ఓడను బట్టి, తేదీలను బట్టి రోజుకు మనిషికి 60 డాలర్ల నుంచి 100 దాటేదాకా ఉంటాయి ఈ ప్యాకేజీలు. మధ్యస్థంగా 70 అనుకుందాం. దాని మీద 18 శాతం సర్వీసు కలిపితే 82 డాలర్ల 60 సెంట్లు. ఏడు రాత్రులకు భార్యాభర్తలిద్దరికీ 1,150 డాలర్లు దాటింది. విడిగా కొంటే ఒక కాక్‌టెయిల్ సర్వీసుతో కలిపి 16 డాలర్ల పైమాట. అంటే కట్టిన డబ్బు రావాలంటే మనిషి రోజుకు ఐదు తాగాలి. ఏడు రోజులూ తాగాలి. ఒడ్డున తిరిగే రోజు కూడా తాగాలి. భార్య తాగని మనిషైతే ఆవిడ వాటా కూడా ఆయనే రాబట్టాలి, పది.

అమెరికా ప్రభుత్వం జనానికిచ్చే ఆహార సూచనల్లో తాగేవాళ్ళెవరైనా రోజుకు మగవాళ్ళయితే రెండు, ఆడవాళ్ళయితే ఒకటి మించొద్దని ఏళ్ళ తరబడి చెప్పారు. కార్నివాల్ కంపెనీ ప్యాకేజీలో రోజుకు పదిహేను దాటొద్దని హద్దు పెట్టారు. రెండెక్కడ, పదిహేనెక్కడ! పైగా హద్దు అని రాసిపెట్టగానే కుర్రాళ్ళకది అందుకోవాల్సిన గీత అయిపోతుంది. ‘నిన్న పన్నెండయ్యాయి, ఇవాళ మిగతావి కూడా లాగించాలి’ అని లిఫ్టులో ఒకడు ఇంకొకడితో చెప్పడం నా చెవులారా విన్నాను.

పొద్దున పదకొండు గంటలకు ఈత కొలను పక్కన చూడండి. బల్లల మీద సగం తాగి వదిలేసిన గ్లాసులు వరసగా ఉంటాయి. ఐసు కరిగి, రంగు తేలిపోయి, పైనాపిల్ ముక్క నీళ్ళలో నాని ఉంటుంది. మంచి సరుకు, మంచి చేత్తో కలిపింది, రెండు గుక్కలకే వదిలేశారు. ఒక మన కుర్రాణ్ణి అడిగాను, ‘ఏం బాబూ, అది పూర్తి కాకుండానే ఇంకోటి చెప్పావే’ అని. ‘కట్టేశాం కదంకుల్, వేడెక్కింది ఎందుకు తాగడం, కొత్తది తెచ్చుకుంటే పోలా’ అన్నాడు. ఆ గ్లాసులన్నీ ఎత్తుకెళ్ళి కడిగే కుర్రాడు ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి నెలల తరబడి నీళ్ళ మీద ఉంటున్నవాడు. ఈ పారబోత అంతా చూస్తూ అతను ఏమనుకుంటాడో అని నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇక ఆడవాళ్ళ సంగతి. మన తెలుగు కుటుంబాల్లో మగవాళ్ళు తాగినా ఆడవాళ్ళు ముట్టని ఇళ్ళు ఇప్పటికీ చాలా ఉన్నాయి. షష్టిపూర్తి పేరుతోనో, పిల్లల చదువైపోయిందనో రెండు మూడు కుటుంబాలు కలిసి ఓడెక్కడం ఇక్కడ మామూలైపోయింది. మా అల్లుడూ అతని స్నేహితుడూ సాయంత్రం పూట రెండు పుచ్చుకుంటారు. మా అమ్మాయి గానీ ఆ స్నేహితుడి భార్య గానీ ముట్టరు. మగవాళ్ళిద్దరికే ప్యాకేజీ ఇమ్మని అడిగితే కంపెనీవాళ్ళు ససేమిరా అన్నారు. ఆఖరికి ఏం చేశారు? కాగితం మీద మగవాళ్ళిద్దరూ ఒక గది, ఆడవాళ్ళిద్దరూ ఒక గది అని రాయించి, ఓడెక్కాక తాళంకార్డులు మార్చుకున్నారు. నిక్షేపంలాంటి సంసారాలు, కాగితం మీద భార్యాభర్తలు విడిపోతే తప్ప న్యాయం జరగలేదు. ఉపవాసమున్న మనిషి చేత భోజనం టికెట్టు కొనిపించే హోటలు మనమెక్కడైనా చూశామా?

ఒక ప్యాకేజీ కొని ఇద్దరూ పంచుకుంటారని కంపెనీల భయం. కొందరు పంచుకుంటారు, కాదనను. కానీ ప్రతి గ్లాసుకూ కార్డు గీకుతున్నారు, గీకగానే మన ఫొటో వాళ్ళ తెర మీదికొస్తుంది. దొంగను పట్టుకునే సరంజామా అంతా చేతిలో పెట్టుకుని తాగని ఇల్లాలి దగ్గర జరిమానా వసూలు చెయ్యడమేమిటి? ఆరోగ్య కారణాలు విన్నవించుకుంటే కొందరు మినహాయింపు ఇస్తారు. తాగకపోవడానికి మనిషి డాక్టరు కాగితం చూపించుకోవాలా? నాకిష్టం లేదంటే చాలదా?

సీసాల నియమాలు చూడండి. కార్నివాల్, రాయల్ కరీబియన్ ఓడల్లో ఎక్కే రోజున పెద్దవాళ్ళు మనిషికి 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి చేతిసంచిలో తెచ్చుకోవచ్చు. విస్కీ, రమ్ము, బీరు కుదరదు. ఆ వైను భోజనాల గదికి పట్టుకెళితే మూత తీసినందుకు 15 డాలర్లు. దారిలో రేవుల్లో కొన్న సీసాలు ఓడవాళ్ళు తీసి దాచి, ప్రయాణం చివర్లో అప్పగిస్తారు. డిస్నీ ఓడల్లో మాత్రం పెద్దవాళ్ళు మనిషికి రెండు వైన్ సీసాలో, ఆరు బీర్లో ఎక్కే రోజే కాదు, ప్రతి రేవులోనూ తెచ్చుకోవచ్చు. ఓడ నిండా చిన్నపిల్లలుండే కంపెనీ అది! అక్కడ లేని ప్రమాదం మిగతా ఓడల్లో ఎక్కణ్ణుంచి వచ్చింది? మిగతావాళ్ళకు అడ్డొస్తున్నది ప్రమాదం కాదు, తమ బార్ల బేరం.

ఇలాంటి నియమం మర్యాదస్తుణ్ణి కూడా దొంగను చేస్తుంది. షాంపూ డబ్బాల్లో, ప్లాస్టిక్ సంచుల్లో, నోరు పుక్కిలించే మందు సీసాలో రంగు కలిపి మరీ మందు పట్టుకెళ్ళే విద్యలు పుట్టుకొచ్చాయి. నీళ్ళ సీసాల్లో వోడ్కా తెస్తున్నారని కార్నివాల్ 2015 నుంచి నీళ్ళ సీసాలనే రానివ్వడం మానేసింది. డబ్బా పానీయాలైతే పన్నెండు తెచ్చుకోవచ్చు. నలుగురు తెలివిమీరితే నలభై మంది మంచినీళ్ళ సీసాలు వదులుకున్నారు. మా ఊళ్ళో కొన్న నువ్వుల నూనె సీసాను తనిఖీ బల్ల దగ్గర మూత తీసి, వాసన చూసి, మళ్ళీ వాసన చూసి, పక్కవాణ్ణి పిలిచి చూపించారు. ఆవకాయన్నంలోకని ఆ సీసా తెచ్చుకున్న డెబ్భై ఏళ్ళావిడ వరసలో అందరి ముందూ సంజాయిషీ చెప్పుకోవలసివచ్చింది.

తనిఖీలే వద్దని నేననడం లేదు. 1985లో ‘అకిలే లౌరో’ ఓడను సాయుధులు పట్టుకుని ఒక ముసలాయన్ను చంపేశాక, ఊరందరినీ ఓడలోకి రానిచ్చే రోజులు పోవలసిందే. 2010లో అమెరికా చట్టం చేసి ఓడ అంచున రెయిలింగులు కనీసం 42 అంగుళాల ఎత్తుండాలంది, గది తలుపులకు బయటివాళ్ళను చూసే రంధ్రం ఉండాలంది. రెండూ మంచివే. అమెరికా రేవుల నుంచి వెళ్ళే ఓడల్లో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు పొయ్యరు, అదీ మంచిదే. తూలుతున్నవాడికి ఇంక పొయ్యనని చెప్పే బార్ కుర్రాడికి నేను చేతులెత్తి దండం పెడతాను. చుట్టూ నీళ్ళున్న చోట తాగి తూలడం ప్రాణాల మీదికి తెచ్చే పని. ఆ నియమాలన్నిటికీ అడ్డం తిరక్కుండా తలవంచుతాను, ఎందుకంటే వాటిలో మనిషి మీద శ్రద్ధ ఉంది.

అసలు మందే వద్దన్న నియమాలనూ నేను గౌరవిస్తాను. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. 1923లో సుప్రీంకోర్టు, విదేశీ ఓడలైనా సరే మా జలాల్లోకి మందుతో రావద్దని తీర్పిచ్చింది. మా నెల్లూరు జిల్లాలోనే 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీద తిరగబడితే, ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. రెండేళ్ళకు ఎత్తేశారు, అది వేరే సంగతి. అవి ఫలించాయా లేదా అని వాదించుకోవచ్చు గానీ, ఇల్లు బాగుపడాలన్న తపన వాటిలో ఉంది. తాగొద్దనడం ఒక నియమం. మితంగా తాగమనడం ఒక నియమం. తాగు, ఎంతైనా తాగు, కానీ నా దగ్గరే తాగు, నీ భార్య తాగకపోయినా ఆవిడ డబ్బూ కట్టు అనడాన్ని నియమమని ఎలా అంటాం?

ఎందుకిలా అయిందో తెలియనిది కాదు. టికెట్టు చవగ్గా చూపించి, ఎక్కాక బార్లలో, జూదశాలల్లో, దుకాణాల్లో రాబట్టడం పద్ధతయింది. పెద్ద కంపెనీల ఆదాయంలో సుమారు మూడో వంతు టికెట్టు కాకుండా ఓడ మీద ఖర్చుపెట్టించిందే. ఆ మూడో వంతుకు కాపలా కాస్తున్నాయి ఈ సీసాల నియమాలు. వ్యాపారం చెయ్యొద్దని ఎవరూ అనరు. టికెట్టు మీద ఇంకో వంద వేసుకోండి, ఇస్తాం. దాన్ని భద్రత పేరుతో, క్రమశిక్షణ పేరుతో చెప్పొద్దు.

నేను అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. ప్యాకేజీ ఎవరికి కావాలో వాళ్ళే కొనుక్కోవాలి, గదికీ దానికీ ముడి ఉండకూడదు. రేవులో కొన్న సీసాను మనిషికి ఒకటి చొప్పునైనా గదికి తీసుకెళ్ళనివ్వాలి, డిస్నీవాళ్ళు ఇస్తున్నట్టే. ప్యాకేజీవాళ్ళకు కూడా ప్రతి గ్లాసుకూ చీటీ ఇవ్వాలి, ఇవాళ ఇది ఎన్నోదో దాని మీద అచ్చు వెయ్యాలి. కార్డు గీకే యంత్రానికి ఆ లెక్క తెలుసు, తాగేవాడికే తెలియదు. పదిహేను హద్దు తీసేసి, మనిషి ఒళ్ళు తట్టుకునే హద్దు పెట్టాలి.

ఇది అమెరికావాళ్ళ గొడవని మనవాళ్ళు ఊరుకోవద్దు. 2022లో విశాఖకు ‘కార్డీలియా’వాళ్ళ ఎంప్రెస్ ఓడ వచ్చింది. 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో మయామి నుంచి బహామాస్‌కు జనాన్ని తిప్పిన ఓడే అది. 2023లో విశాఖ రేవులో క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. మన దగ్గర ఈ వ్యాపారం ఇప్పుడే కళ్ళు తెరుస్తోంది. ఓడలు అక్కణ్ణుంచి తెచ్చుకోండి, తప్పులేదు. గదిలో ఒకరు తాగితే రెండోవారి పేరు మీదా బిల్లు రాసే ఆ పద్ధతి మాత్రం సముద్రం దాటించి తేవద్దు. ఎక్కేవాళ్ళు కూడా టికెట్టు కొనే ముందే ఈ ప్రశ్న అడగాలి, ఆ నియమమున్న ఓడకు డబ్బు కట్టకూడదు. నలుగురు అలా వెనక్కి తిరిగితే అదే మారుతుంది.