రాని పిల్లల లెక్క నా దగ్గరుంది

నేను వేములపల్లి బడిలో ఆరో తరగతి హాజరు పట్టీని. వచ్చినవాళ్ల లెక్క రోజూ అడుగుతారు. మధ్యాహ్న భోజనానికి బియ్యం తూచేది నన్ను చూసే. రానివాళ్ల లెక్క ఎవరికీ పట్టదు. నేను చెప్పాల్సిన కబురంతా అందులోనే ఉంది.

వానాకాలంలో ఒక సోమవారం ఇద్దరు రారు. గురువారానికి వాళ్ల పక్కన కూర్చునేవాళ్లూ రారు. ఫ్లూ వైరస్ సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో జ్వరంగా బయటపడుతుంది. నా గళ్లలో ఎడం కూడా అంతే. తల్లి ముందు మెడికల్ షాపులో పారాసిటమాల్ కొంటది, తర్వాత ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోతది. తగ్గకపోతేనే సర్కారు దవాఖాన, ముదిరితే మిర్యాలగూడ. ఆ జ్వరం ప్రభుత్వ లెక్కకెక్కేది చాలాసార్లు ఆ దవాఖానల్లోనే. 2004లో మొదలైన వ్యాధుల నిఘా కార్యక్రమం ఐడీఎస్‌పీ కింద ఆ లెక్కలు చాలా ఏళ్లు వారానికోసారే పైకి పోయేవి.

జ్వరాలను ముందే పసిగట్టాలని పెద్దవాళ్లూ ప్రయత్నించారు. జనం ఇంటర్నెట్లో వెతికే మాటలను బట్టి 2008లో గూగుల్ అమెరికాలో ఫ్లూను అంచనా కట్టడం మొదలుపెట్టింది. 2012-13 చలికాలంలో ఆ అంచనా అసలు లెక్కకు దాదాపు రెట్టింపయింది. వార్తలు చూసి భయంతో వెతికినవాళ్లూ అందులో కలిశారన్నది పరిశోధకుల మాట. 2015లో ఆపేశారు. హైదరాబాద్‌లో 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటిలో కరోనా జాడ పట్టి, సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని లెక్కగట్టారు. గొప్ప పని అది. కానీ శుద్ధి కేంద్రం దాకా పోయే మురుగు పైపులు పల్లెల్లో ఎక్కడివి? పల్లెకు నేనున్నాను.

నన్నూ గుడ్డిగా నమ్మొద్దు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలాక నాట్ల రోజుల్లో పిల్లలు తగ్గుతారు. పెద్దగట్టు జాతరకూ అంతే. జ్వరమో జాతరో నా గడిలో తేడా తెలియదు. కారణం పక్కన రాస్తేనే నా మాటకు విలువ.

2022 జనవరి 21 నుంచి తెలంగాణ అంతటా ఆశ కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇల్లిల్లూ తిరిగి జ్వరాల సర్వే చేశారు. ఎన్ని గడపలు ఎక్కి దిగారో! నా పేజీ చూస్తే ముందు ఏ గడపకు పోవాలో తెలుస్తుంది. ఆ ఇంట్లో ముసలి నాయనమ్మ ఉంటుంది, నిండు గర్భిణి ఉంటుంది. ఫ్లూ అలాంటివాళ్లకు ప్రాణం మీదికి తేవచ్చు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ బాగా పనిచేసేది లక్షణాలు కనబడ్డ 48 గంటల్లోపు మొదలుపెడితేనే.

సారూ, రాని పిల్ల పేరు పక్కన ‘జ్వరం’ అని ఒక్క మాట రాయండి. ఒకే వారంలో అలాంటివి నాలుగైదు కనబడితే, ఆ రోజే ఆశ అక్కకు ఫోను చేయండి.