డబ్బా రేకుల పూదోట

పలచని లోహపు రేకును పువ్వులా కత్తిరించి, ఒంపులు తిప్పి, గ్రీటింగ్ కార్డుకో శుభలేఖకో ఆల్బమ్ అట్టకో అతికించడానికి మూడు కావాలి: రేకు, కత్తెర, ఆ కత్తెర మీద హక్కున్న మనిషి ఇంట్లో లేకపోవడం. మూడోది కుదరడమే కష్టం.

లోహపు పూలది గొప్ప వంశం. తిరుమలలో మంగళవారం జరిగే అష్టదళ పాద పద్మారాధనలో 108 బంగారు పద్మాలతో అర్చన చేస్తారు. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును వెనకనుంచి ఉలితో కొట్టి, ముందువైపు లతలూ పూలూ ఉబికేలా చేస్తారు. ఆ వంశంలో ఆఖరివాడు, కాస్త గాలికి తిరిగినవాడు, కూల్‌డ్రింక్ డబ్బా. కార్డు పూలకు అక్కరకొచ్చేది మాత్రం వాడే.

అందుకు కారణం మందం. వంటింటి ఫాయిల్ 0.01 నుంచి 0.02 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. తాకితేనే ముడత పడుతుంది. డబ్బా గోడ సుమారు 0.1 మిల్లీమీటర్లు, అంటే ఆఫీసు కాగితమంత. కత్తెరకు లొంగుతుంది, ఒంచితే నిలుస్తుంది. క్రాఫ్ట్ సామాన్లు అమ్మే చోట ఇంచుమించు ఇదే మందంలో రాగి, ఇత్తడి రేకులూ దొరుకుతాయి. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. ఈ సంగతి తెలియక పెద్ద అంకె చూసి దిట్టమైన సరుకనుకుని కొన్నవారు ఇంటికొచ్చాక ఉసూరుమంటారు.

డబ్బా పైభాగం, అడుగుభాగం కోసేసి, మిగిలిన గోడను నిలువునా చీల్చాలి. పరిస్తే అది పరుచుకోదు, పూర్వాశ్రమం మరవలేక మళ్లీ చుట్టుకుంటుంది. బల్ల అంచుకు ఆనించి వెనక్కి లాగితే దారికొస్తుంది. కోసిన అంచు బ్లేడుతో సమానం కనుక చేతికి గ్లౌజులు ఉండాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి, అంచులను నున్నటి ఎమెరీ కాగితంతో రుద్దాలి. ఈ సూచనను చాలామంది వేలికి కట్టు కట్టుకున్నాక శ్రద్ధగా చదువుతారు.

లోహంతో అసలు పేచీ ఇక్కడ మొదలవుతుంది. ఒంచిన చోటల్లా అది గట్టిపడుతుంది. పూరేకును కొంచెం ఇటు, ఇంకొంచెం అటు అని సవరిస్తూ పోతే ముందు మొండికేస్తుంది, తర్వాత పుటుక్కున విరుగుతుంది. రాగికి దీనికి విరుగుడు ఉంది: మసక ఎరుపు వచ్చేదాకా కాల్చితే మళ్లీ మెత్తబడుతుంది. నీళ్లలో ముంచినా, గాలికి వదిలినా ఫలితం ఒకటే. కాలేటప్పుడు మొదట నారింజ, ఊదా, నీలం ఛాయలు దోబూచులాడతాయి. అవే కావాలంటే అక్కడే మంట ఆపాలి. ఇంకాస్త బాగుంటుందేమో అని ఆశపడితే మిగిలేది నల్లపొర, దాన్ని వదిలించడానికి ఇత్తడి గిన్నెలు తోమే చింతపండు. డబ్బా రేకును మాత్రం పొయ్యి దగ్గరికే రానివ్వకూడదు. దాని లోపలి ప్లాస్టిక్ పూత మాడి పొగలొస్తాయి. పైగా అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, రాగిలా ముందు ఎర్రబడి హెచ్చరించే మర్యాద దానికి లేదు.

పూరేకులకు ఒంపు తేవడానికి పాత మౌస్ ప్యాడ్ చాలు. దానిమీద రేకును బోర్లించి, గుండ్రటి మొన ఉన్న పుల్లతో నడిమధ్య సున్నాలు చుడితే అక్కడ లోతై, అంచులు పైకి లేస్తాయి. ఈనెలు గీయడానికి సిరా అయిపోయిన బాల్‌పెన్ వాడతారు. పరీక్ష హాల్లో ససేమిరా రాయనన్న పెన్ను ఇక్కడ హఠాత్తుగా సిరా కక్కుతుంది.

అయిదు రేకుల బిళ్లలు మూడు సైజుల్లో కోసి, ఒక్కోదాన్ని కిందిదానికి 36 డిగ్రీలు తిప్పి పేర్చితే, పై రేకు కింది రెండు రేకుల సందులో కూర్చుంటుంది. నడుమ రంధ్రంలో స్ప్లిట్ పిన్ గుచ్చి వెనక కాళ్లు విడదీస్తే పువ్వు సిద్ధం. ఇంతటితో తృప్తిపడడం మంచిది. గులాబీ చేద్దామని రేకును సుడిగా చుట్టేవారికి లోహం క్యాబేజీ చేసి ఇస్తుంది.

డబ్బా అచ్చు పైకి కనిపించేలా కోస్తే శుభలేఖ మీది పువ్వులో ఒక రేకున చక్కెర శాతం, మరో రేకున నికర పరిమాణం 300 మిల్లీలీటర్లు వికసిస్తాయి. లోపలి వెండిరంగు వైపు తిప్పి, పర్మనెంట్ మార్కర్‌తోనో నెయిల్ పాలిష్‌తోనో రంగు వేయడం మర్యాద. వాటర్ కలర్ అయితే బొట్లుబొట్లుగా జారిపోతుంది.

అతికించడానికి తెల్ల జిగురు పనికిరాదు. లోహం నీటిని పీల్చదు కనుక అది ఆరడానికి రోజంతా తీసుకుని, ఆరాక పువ్వును వదిలేస్తుంది. రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు నయం. కార్డును పోస్టులో పంపాలంటే కవరు కాదు, అట్టపెట్టె కావాలి. కవరు మీద తపాలా ముద్ర పడిందంటే మూడు అంతస్తుల పువ్వు ఒక్క దెబ్బకు నేలమట్టమవుతుంది.

రాగి పువ్వుకు రంగులేని నెయిల్ పాలిష్ పూస్తే మెరుపు నిలుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి ఊళ్ల ఉప్పుగాలికి పూత లేని రాగి ముందు నల్లబడి, పోనుపోను పచ్చటి చిలుము పడుతుంది. అప్పుడు దాన్ని ఆకుగా ప్రకటించి, పక్కన ఇంకో పువ్వు అతికించవచ్చు.