కొట్టు ఆవిడది, హడావిడి నాది

థాయ్‌లాండ్‌లో ఒక మనిషి సొంతంగా చిన్న కొట్టు పెట్టుకుని, దాన్ని సర్కారు పుస్తకంలో ఎక్కించుకోవడానికి కట్టాల్సిన రుసుము 50 బాత్‌లు. మా ఆవిడ కాఫీ కొట్టుకు అయిన మిగతా ఖర్చులో చాలా భాగం నా సాయం వల్ల అయింది.

బ్యాంకాక్‌లో మన దేశపు అల్లుళ్లు నలుగురు కలిస్తే, "మా ఆవిడ బిజినెస్ పెట్టినప్పుడు నేనే దగ్గరుండి అన్నీ చూసుకున్నాను" అనే మాట ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నేనూ అన్నాను. మా ఆవిడ దగ్గర లేని సమయం చూసి అన్నాను. నిజమేమిటంటే దగ్గరున్నమాట వాస్తవం. చూసుకున్నది ఆవిడ.

హైదరాబాద్‌లో చాన్నాళ్లు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపి, పెళ్లి వీసా మీద ఇక్కడికొచ్చి, ఉద్యోగం లేకుండా ఉన్న రోజులవి. తన పెద్దమ్మగారి షాప్‌హౌస్‌లో (కింద కొట్టు, పైన ఇల్లు) ముందు గది ఖాళీ అయిందనీ, అందులో కాఫీ కొట్టు పెట్టుకుంటాననీ మా ఆవిడ అంది. చెప్పింది అంతే. నన్నేమీ అడగలేదు. నేను లాప్‌టాప్ తెరిచాను.

రాత్రికల్లా ఒక లిమిటెడ్ కంపెనీ తయారైంది, ఎక్సెల్ షీట్‌లో. ఇదివరకు ఇక్కడ కంపెనీ పెట్టాలంటే కనీసం ముగ్గురు కావాలి. 2023 ఫిబ్రవరి నుంచి ఇద్దరు చాలు. ఆ ఇద్దరం మనమే అని ఉత్సాహంగా చెప్పాను. విదేశీయుల వ్యాపారాల మీద 1999లో ఒక చట్టం చేశారు. తిండి, పానీయాలు అమ్మడం అందులోని మూడో జాబితాలో ఉంది. కంపెనీలో సగం గానీ ఆ పైన గానీ విదేశీయుడి చేతిలో ఉంటే అది విదేశీ కంపెనీ, దానికి వేరే అనుమతి కావాలి. అందుకని 51 వంతులు ఆవిడకి, 49 నాకు రాశాను. నా పేరు పక్కన మేనేజింగ్ డైరెక్టర్ అని పెట్టుకున్నాను.

"మేనేజింగ్ డైరెక్టర్ ఏం చేస్తాడు, ఫీ?" అంది. అన్నగారి వరసలో అలా పిలుస్తుంది, ఇక్కడి ఆడవాళ్లు పెద్దవాడైన మొగుణ్ణి పిలిచినట్టే.

"మేనేజ్ చేస్తాడు."

"ఎవర్ని?"

ఆ గడి నా షీట్‌లో ఇంకా నింపలేదు. నింపబోతే తెలిసిన సంగతి ఇంకా బావుంది. నేను ఆ కొట్టులో చెయ్యి కదపాలంటే వర్క్ పర్మిట్ కావాలి. దానికి కంపెనీ మూలధనం మామూలుగా 20 లక్షల బాత్‌లు చూపించాలి, థాయ్ భార్య ఉన్నవాడికి రాయితీ ఇచ్చి 10 లక్షలు. పైగా ఒక్కో విదేశీయుడికి మామూలుగా నలుగురు థాయ్ ఉద్యోగులుండాలని లెక్క. మేం కొన్న స్టూళ్లు నాలుగు. వాటి మీద ఉద్యోగుల్ని కూర్చోబెడితే కాఫీ తాగేవాళ్లు ఎక్కడ కూర్చుంటారని అడిగింది. ఏటేటా ఆడిటర్ చేత లెక్కలు తనిఖీ చేయించి దాఖలు చెయ్యాలన్న ముక్క నేనింకా చెప్పనేలేదు.

ఆవిడ వాదించలేదు. సొంత పేరు మీద వ్యాపారం నమోదు చేయించుకోవడానికి ఖేత్ ఆఫీసుకి బయల్దేరింది. బ్యాంకాక్‌ను 50 ఖేత్‌లుగా విడదీశారు. చిన్న కొట్ల నమోదు అక్కడే జరుగుతుంది. వ్యాపారం మొదలుపెట్టిన 30 రోజుల్లోపు చేయించుకోవాలి. ఈ నమోదు చట్టం 1956 నాటిది. రోజుకి 20 బాత్‌ల సరుకు అమ్మినా, 500 బాత్‌ల సరుకు అమ్మకానికి పెట్టుకున్నా నమోదు చేయించుకోవాలన్నది ఆనాటి కొలత. అది ఇంకా అలాగే ఉంది. మా ఆవిడ చేసే ఓలియాంగ్, అంటే గుడ్డ సంచిలో వడగట్టి ఐసు వేసిచ్చే నల్ల కాఫీ, గ్లాసు 25 బాత్‌లు. ఒక్క గ్లాసు పోస్తే చాలు, మనిషి వర్తకుల్లో చేరిపోతాడు.

నేనూ వెళ్లాను. సాయం కావద్దూ!

దరఖాస్తు అంతా థాయ్ లిపి. నాకు రాయడం వచ్చిన గడి ఒక్కటే, తేదీ. అది నేను రాస్తానని పట్టుబట్టి 2025 వేశాను. ఇక్కడ సర్కారు కాగితాల మీద బౌద్ధ శకం నడుస్తుంది. మన లెక్కకి 543 కలుపుకోవాలి. రాయాల్సింది 2568. నేను రాసిన ప్రకారం మా కొట్టు క్రీ.శ. 1482లో, అయుత్థయను త్రైలోకనాథుడు ఏలుతున్న కాలంలో తెరిచారు. అప్పటికి మన కృష్ణదేవరాయలు 11 ఏళ్ల పిల్లాడు. కాఫీ ఇంకా యెమెన్ సూఫీల దగ్గరే ఉంది. కౌంటర్‌లో ఆవిడ ఆ గడి వంక చూసి, నా వంక చూసి, ఏమీ అనకుండా కొత్త కాగితం మా ఆవిడ చేతికిచ్చింది. పెన్ను కూడా ఆవిడకే ఇచ్చింది.

కాగితాల్లో గుర్తింపు కార్డు నకలు, తబియన్ బాన్ అనే ఇంటి పుస్తకం నకలు, గది వాడుకోవడానికి పెద్దమ్మగారి ఒప్పుకోలు పత్రం, ఆమె కార్డు, ఆమె ఇంటి పుస్తకం... ప్రతి జిరాక్సు మీదా 'అసలుకు సరైన నకలు' అని రాసి సంతకం పెట్టాలి. మా ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి ప్రతి కాగితం మీదా అడ్డంగా రెండు గీతలు గీసి, 'కొట్టు నమోదుకు మాత్రమే' అని రాసింది, ఇంకెవరూ దాంతో అప్పు తీసుకోకుండా. ఇంత జాగ్రత్త గల మనిషి నన్నెలా చేసుకుందో నాకు అప్పుడప్పుడూ అర్థం కాదు.

కొట్టు ఎక్కడుందో చూపించే పటం కూడా జత చెయ్యాలి. పటం అనగానే నా ప్రాణం లేచొచ్చింది. ఉపగ్రహ చిత్రం తీసి, ఉత్తర దిక్కు బాణం పెట్టి, కొలమానం వేసి, అక్షాంశ రేఖాంశాలు ఆరు దశాంశాల దాకా ఇచ్చి, రంగుల్లో అచ్చు వేయించాను. అచ్చుకి అయిన ఖర్చు నమోదు రుసుము కన్నా ఎక్కువ. కౌంటర్‌లో ఆవిడ దాన్ని తిరగేసి మరగేసి, "సెవెన్ ఎలెవెన్ ఎక్కడ?" అని అడిగింది. లేదు. నేను పెట్టలేదు. మా ఆవిడ ఒక తెల్లకాగితం మీద నాలుగు గీతలు గీసి గుడి, సెవెన్ ఎలెవెన్, మధ్యలో సోయి (అంటే మా సందు), సోయి మొదట్లో ఎప్పుడూ పడుకునే కుక్క, దాని ఎదురుగా ఒక చదరం వేసిచ్చింది. ముద్ర పడింది. కుక్క తోకకు కూడా పడింది.

ఇంటికొచ్చాక, నేను ఈ దేశంలో చెయ్యగూడని పనులేమిటో చదివాను. విదేశీయులకు నిషేధించిన వృత్తుల జాబితా 1979 నుంచీ ఉంది, తర్వాత మార్పులు చేశారు. చెక్క మీద నగిషీ చెక్కగూడదు. బుద్ధ విగ్రహాలు చెయ్యగూడదు. భిక్షువుల భిక్షాపాత్రలు చెయ్యగూడదు. గొడుగులు చెయ్యగూడదు, చేత్తో సిగరెట్లు చుట్టగూడదు, థాయ్ మసాజ్ చెయ్యగూడదు. వీటిలో ఒక్కటీ నాకు రాదు కాబట్టి ధీమాగా చదువుతున్నాను. తర్వాత వరసలో గుమస్తా పని, సెక్రటరీ పని వచ్చాయి. ఇన్నాళ్లుగా నేను చేస్తున్నది సరిగ్గా ఆ రెండే. పర్మిట్ లేకుండా పని చేస్తూ దొరికితే 5,000 నుంచి 50,000 బాత్‌ల దాకా జరిమానా, ఆపైన దేశం నుంచి పంపించెయ్యడం. మా ఆవిడకి చదివి వినిపించాను. నేను చేసినదాన్ని పని అని ఎవరూ అనరు, భయపడకు అని ధైర్యం చెప్పింది.

బోర్డు దగ్గర మాత్రం నేను తగ్గలేదు. రెండు మీటర్ల పొడవు, మీటరు ఎత్తు. పైన పెద్దగా తెలుగు అక్షరాల్లో పేరు, కింద థాయ్‌లో. పరాయి దేశంలో ఒక వీధి మొగలో తెలుగు వెలగడం ఊహించుకుని ఒళ్లు పులకరించింది. ఆ పులకింతకి ఇక్కడ పన్నుంది. 1967 నుంచి ఉన్న బోర్డు పన్ను చట్టం ప్రకారం, ప్రతి 500 చదరపు సెంటీమీటర్లకూ ఒట్టి థాయ్ అక్షరాలైతే 5 బాత్‌లు. థాయ్‌తో పాటు పరాయి అక్షరాలుంటే 26. థాయ్ లేకపోయినా, ఉన్నది పరాయి అక్షరాల కింద ఉన్నా 50. మా బోర్డుకి లెక్క కడితే ఏడాదికి ఒట్టి థాయ్‌లో 200, థాయ్ కింద తెలుగు పెడితే 1,040, తెలుగు నెత్తినెక్కితే 2,000.

బ్యాంకాక్‌లో పెద్ద పెద్ద ఇంగ్లీషు బోర్డుల పైమూల చీమంత థాయ్ అక్షరాలు కనిపిస్తూ ఉంటాయి. చూసినప్పుడల్లా వీళ్ల భాషాభిమానానికి ముచ్చటపడి, మనవాళ్లకి ఈ బుద్ధి ఎప్పుడొస్తుందని వాపోయేవాణ్ణి. ఆ అభిమానం ఖరీదు 24 బాత్‌ల తేడా అని అప్పుడు తెలిసింది.

"ఫీ, ఈ సోయిలో ఆ అక్షరాలు చదవగలిగేవాళ్లు ఎంతమంది?"

"నేనున్నాను."

"నువ్వు బోర్డు చూసి వస్తావా?"

బోర్డు ఒట్టి థాయ్‌లోనే పెట్టాం. నా మాట కూడా కొంత నిలవాలి గనక, పన్ను పడని లోపలి గోడకి తెలుగులో చిన్న అట్ట తగిలించాను. 'అప్పు రేపు' అని రాశాను. ఈ కొట్టు మొత్తంలో అది చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. అరువు తాగేదీ నేనొక్కణ్ణే.

ముహూర్తం గుడిలో భిక్షువుగారు పెట్టారు, శనివారం ఉదయం 9 గంటల 9 నిమిషాలకి. తొమ్మిది వీళ్లకి కలిసొచ్చే అంకె. రాజమండ్రి నుంచి మా అమ్మ ఫోన్లో గుండె బాదుకుంది. "శనివారం తొమ్మిదింటి నుంచి పదిన్నర దాకా రాహుకాలం కదురా నాన్నా! అత్తారింట్లో చెప్పేవాళ్లే లేరా?" ఇక్కడ నా బుర్ర పనిచేసింది. బ్యాంకాక్ మనకన్నా గంటన్నర ముందు. ఇక్కడ 9:09 అయినప్పుడు రాజమండ్రిలో 7:39. అక్కడికింకా రాహుకాలం రాలేదు కదమ్మా అన్నాను. ఆవిడ కాసేపాలోచించి, పోనీ గడియారం రాజమండ్రి టైముకే పెట్టుకోండి అంది.

మా అత్తగారి దగ్గర రాహువు సంగతి ఎత్తితే ఆవిడ ముఖం వికసించింది. వీళ్లు ఆయన్ని తప్పించుకు తిరగరు, పిలిచి పెడతారు. బుధవారం రాత్రి ఆయనది. నకోన్ పథోమ్‌లో వాట్ సీసథోంగ్ అనే గుడి ఇందుకే పేరుపడింది. ఎనిమిది నల్లటి పదార్థాలు నైవేద్యం: నల్ల కోడి, నల్ల బీన్స్, నల్ల జెల్లీ, నల్ల కాఫీ ఇలాగ. రాహువు కూడా మన ఖాతాదారే అని అత్తగారి ఉద్దేశం. ఇది అమ్మకి చేరవేశాను.

"కాఫీ పోస్తారా రాహువుకి?"

"పోస్తారమ్మా."

"ఇన్నాళ్లూ మనం పొయ్యకపోబట్టేనేమోరా నీ జాతకం ఇలా ఉంది."

ప్రారంభం రోజున భిక్షువుగారు వచ్చి బోర్డుకి తెల్లటి లేపనంతో చుక్కలు పెట్టి, మంత్రజలం చల్లారు. గల్లాపెట్టె పక్కన నాంగ్ క్వాక్ అమ్మవారు చెయ్యూపి గిరాకీని పిలుస్తూ కూర్చుంది. తొలి బేరం డబ్బు తీసుకుని సరుకంతటికీ తాకించే ఆచారం ఇక్కడా ఉంది. బోణీ పట్టింపు మన బజార్లకి ఏమాత్రం తీసిపోదు. బోణీ నేను చేస్తానని జేబులో చెయ్యి పెట్టాను. అత్తగారు నా చేతి వంక ఒక్క క్షణం చూసి, పక్క వీధి బంగారం కొట్టు ఆవిడని కేకేసింది.

అప్పట్నుంచి రోజూ ఉదయం కొట్టులో ఒక మూల కూర్చుంటాను. గ్లాసు కడగను, డబ్బు ముట్టుకోను, ఎవరైనా ఆర్డరు చెప్పబోతే రెండు చేతులూ పైకెత్తి మా ఆవిడ వైపు చూపిస్తాను. చట్టం పట్ల ఇంత విధేయత బ్యాంకాక్‌లో ఇంకెవరికీ ఉండదు. పెళ్లాం చెమటలు కక్కుతుంటే ఆరడుగుల మగాడు కదలకుండా కూర్చోవడం చూసి సోయిలో జనం చెవులు కొరుక్కున్నారు. పరువు పోతుందని మా అత్తగారు అల్లుడికి నడుము దెబ్బతిందని చెప్పింది. అది చేతులు మారేసరికి వెన్నెముకయింది, అక్కణ్ణించి తలకెక్కింది. ఇప్పుడు ముసలమ్మలు వచ్చి, ముక్కు దగ్గర పెట్టి పీల్చుకునే యాదోమ్ సీసాలు నా ఒళ్లో పెట్టి, తల నిమిరి వెళ్తున్నారు. ఒకామె తైలం తెచ్చింది. వచ్చినవాళ్లు ఊరికే పోలేక కాఫీ తాగి వెళ్తున్నారు కాబట్టి, తగ్గిపోయిందని చెప్పొద్దని మా ఆవిడ ఆర్డరు.

నా ప్రతిభ అంతా లెక్కల్లో చూపిద్దామనుకున్నాను. ఐసు బిల్లు నుంచి స్ట్రాల కట్ట దాకా ప్రతి చీటీ స్కాన్ చేసి దాచాను. వ్యాట్ రిజిస్ట్రేషన్ గురించి ఒక నివేదిక కూడా రాశాను. ఏడాది అమ్మకాలు 18 లక్షల బాత్‌లు దాటితే గానీ అది అక్కర్లేదు. మా కొట్టు అంత కాఫీ పోస్తే సోయిలో ఎవరికీ నిద్ర పట్టదు. ఆదాయపు పన్ను మాత్రం మార్చి నెలాఖరులోగా దాఖలు చెయ్యాలి. నా ఫైళ్లన్నీ బల్ల మీద పేర్చి కూర్చున్నాను. ఇలాంటి వ్యాపారానికి బిల్లులేవీ చూపకుండా రాబడిలో 60 శాతం ఖర్చు కింద తీసెయ్యొచ్చు. మా ఆవిడ ఫోన్లో ఆ గడి నొక్కి ముందుకెళ్లింది. ఫైళ్లు బల్ల మీదే ఉన్నాయి.

ఇంకో గడి దగ్గర ఆగింది. సంపాదన లేని భార్య గానీ భర్త గానీ ఉంటే, పన్ను లెక్క కట్టే ఆదాయంలోంచి 60,000 బాత్‌ల మినహాయింపు. నా వైపు తిరిగి చూసింది. పెళ్లయిన కొత్తలో తప్ప అంత ప్రేమగా నన్నెప్పుడూ చూడలేదు.

"ఫీ, ఈ సంవత్సరం నువ్వేమీ సంపాదించలేదు కదూ? ఒక్క బాత్ కూడా?"

"ఒక్క బాత్ కూడా."

"వచ్చే ఏడు కూడా ఇలాగే ఉండు. ఉద్యోగం అదీ అంటూ ఎక్కడా తిరగకు."

ఆ సాయంత్రమే అమ్మకి ఫోన్ చేసి, కోడలి వ్యాపారంలో ఈసారి నా వంతు 60,000 అని చెప్పాను. నెలకా అని అడిగింది. లైను సరిగ్గా వినపడ్డం లేదన్నాను.