పదేళ్ళు ఇట్టే గడిచిపోవాలంటే

2001లో కాలేజీ ఎగ్గొట్టి ‘ఖుషి’ చూసినవాళ్ళలో చాలామంది 2022 డిసెంబర్ 31న అదే సినిమాని మళ్ళీ థియేటర్లో చూశారు. కొందరు ఈసారి పిల్లల్ని కూడా వెంటబెట్టుకెళ్ళారు. ఇలాంటి రీ-రిలీజులప్పుడు ఇంటర్వెల్లో వినిపించే మాట ఒకటే: నిన్నగాక మొన్న వచ్చినట్టుంది, అప్పుడే ఇన్నేళ్ళయిపోయాయా! మధ్యలో ఇరవై ఒక్కేళ్ళు ఎటు పోయాయని ఆశ్చర్యపోవడం మాత్రం కాస్త అన్యాయం. అవి వాటంతటవి పోలేదు. శ్రద్ధగా, క్రమం తప్పకుండా, ప్రతిరోజునీ నిన్నటి రోజులాగే గడిపి సాధించిన ఫలితమది. ఆ విద్య ఇంకా పూర్తిగా పట్టుబడని అభ్యర్థుల కోసం ఈ కింది సూచనలు.

ముందు అర్హతలు. పదేళ్ళ లోపువాళ్ళు దరఖాస్తు చేసుకోనక్కర్లేదు. వాళ్ళకి వేసవి సెలవులే ఒక యుగం. దీనికి 1877లో పాల్ జానే అనే ఫ్రెంచి తత్త్వవేత్త ఒక లెక్క చెప్పాడు. పదేళ్ళ పిల్లకి ఏడాదంటే తను బతికిన కాలంలో పదోవంతు, యాభై ఏళ్ళ తండ్రికి యాభయ్యోవంతు. కాబట్టి తండ్రికది చిన్నదిగా అనిపిస్తుంది. ఈ లెక్కని చివరిదాకా లాగితే తమాషాగా ఉంటుంది. ఐదు నుంచి పదేళ్ళ వరకు ఎంత పొడవో, పది నుంచి ఇరవై వరకూ అంతే, ఇరవై నుంచి నలభై వరకూ అంతే, నలభై నుంచి ఎనభై వరకూ అంతే. అంటే ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పట్టినంత సేపట్లో నలభయ్యో పుట్టినరోజు నుంచి సహస్ర చంద్ర దర్శనం దాకా అయిపోతుందన్నమాట.

లెక్క ముచ్చటగానే ఉంది. అయితే అమెరికాలో విలియం జేమ్స్ 1890లో దాని మీద పెదవి విరిచాడు. జరిగేది ఇదేనేమో గానీ, ఎందుకు జరుగుతోందో ఇందులో లేదన్నాడు. ఆయన చెప్పిన కారణం వేరు. చిన్నతనంలో గంటకో కొత్త సంగతి ఎదురవుతుంది. వయసు పెరిగేకొద్దీ అనుభవాలు అలవాట్లుగా మారిపోయి, గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగలక, ఏళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అభ్యర్థికిది శుభవార్త. వయసు ఎవరి చేతిలోనూ లేదు గానీ అలవాట్లు చేతిలోనే ఉన్నాయి.

అందుకే మొట్టమొదట మానుకోవలసింది ‘మొదటిసారి’ చేసే పనులు. మొదటి జీతం, మొదటి అద్దె గది, ఒంటరిగా రైలెక్కిన మొదటి రాత్రి, వీటన్నిటినీ మెదడు పనిమాలా వివరంగా రాసిపెట్టుకుంటుంది. నడివయసు దాటినవారిని జ్ఞాపకాలు చెప్పమంటే పదికీ ముప్పైకీ మధ్యవే ఎక్కువ బయటికొస్తాయని మనస్తత్త్వ శాస్త్రవేత్తలు పదేపదే గమనించారు. చదువు, ఉద్యోగం, ప్రేమ, పెళ్ళి, కొత్త ఊరు అన్నీ ఆ మధ్యలోనే ఇరుక్కుని ఉంటాయి మరి. ముప్పై దాటాక కూడా ఈ దురలవాటు కొనసాగితే లాభం లేదు. టిఫిను అదే హోటల్లో, అదే బల్ల దగ్గర, అదే పెసరట్టు ఉప్మా. ఆఫీసుకి అదే దారి. ఎప్పుడైనా రోడ్డు తవ్వేసి ఉంటే హారన్ కొడుతూ అక్కడే నిలబడాలి తప్ప, పక్కసందులో దూరి బన్సీలాల్‌పేట మెట్లబావి లాంటిదేదో కంటబడే ప్రమాదం తెచ్చుకోకూడదు. అలా చూసినవాళ్ళకి ఆ మంగళవారం ఇక జన్మలో మిగతా మంగళవారాల్లో కలవదు.

విహారయాత్ర తప్పనిసరైతే ఫోన్ పైకెత్తి అందులోంచే చూడడం క్షేమం.

ఈ విద్యలో ఉన్నత స్థాయి సాధకుడి పేరు మిషెల్ సిఫ్ర్. ఫ్రాన్స్ దేశస్థుడు. 1962లో, ఇరవై మూడేళ్ళ వయసులో, గడియారం లేకుండా ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక గుహలోకి దిగి రెండు నెలలు ఒంటరిగా ఉన్నాడు. పగలు లేదు, రాత్రి లేదు, కబుర్లు చెప్పేవాళ్ళు లేరు. ఆకలేస్తే తినడం, నిద్రొస్తే పడుకోవడం. పైనున్నవాళ్ళు ప్రయోగం ముగిసిందని చెప్పేటప్పటికి సెప్టెంబర్ 14. ఆయన లెక్క ప్రకారం ఇంకా ఆగస్టు 20. ఇరవై ఐదు రోజులు మిగుల్చుకున్నాడు. సెకనుకో అంకె చొప్పున 120 దాకా లెక్కపెట్టమంటే, రెండు నిమిషాల్లో అయ్యే పనికి ఐదు నిమిషాలు తీసుకున్నాడు. హైదరాబాద్ హైటెక్ సిటీలో అమెరికా వేళలకు పనిచేసేవాళ్ళకి గుహ వెతుక్కునే శ్రమ కూడా లేదు. అద్దాల మేడలో, ఏసీలో, జీతం తీసుకుంటూ ఇదే సాధన చేయవచ్చు.

తర్వాతి పని, ఏడాదిని వాయిదాల కింద కోసేయడం. ఇరవై ఏళ్ళ గృహరుణం తీసుకుంటే 240 వాయిదాలు. నెలలో ఐదో తారీఖు వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. ‘ఈ నెల గట్టెక్కితే చాలు’ అని మనసులో అనుకోవడమే ఇక్కడ జపం. 240 సార్లు జపిస్తే ఇరవై ఏళ్ళు గట్టెక్కుతాయి, ఇల్లు కూడా మిగులుతుంది. సాఫ్ట్‌వేర్‌లో రెండేసి వారాల స్ప్రింట్లున్నాయి, సేల్స్‌లో మూడు నెలల టార్గెట్లున్నాయి. పిల్లలకు చిన్నప్పట్నుంచే తర్ఫీదు ఇప్పించాలనుకునే తల్లిదండ్రులకు హాస్టల్ ఉన్న ఇంటర్ కాలేజీలున్నాయి. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పడుకునేముందు స్టడీ అవర్, వారం తిరిగేసరికి పరీక్ష.

ఇక్కడొక వింత ఉంది, అభ్యర్థి కాస్త ఆగి గమనించాలి. ఆ హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ గంట గడవదు. బయటికొచ్చి పదేళ్ళయ్యాక ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. జరుగుతున్న కాలాన్ని కొలిచే పద్ధతి వేరు, జరిగిపోయిన కాలాన్ని కొలిచే పద్ధతి వేరు. జరుగుతున్నప్పుడు ఎన్నిసార్లు గడియారం వైపు చూశామన్నది లెక్కకొస్తుంది. జరిగిపోయాక ఎన్ని జ్ఞాపకాలు మిగిలాయన్నది లెక్కకొస్తుంది. విసుగు ఈ రెంటినీ చెరోవైపు లాగుతుంది. రోజు జీడిపాకంలా సాగుతుంది, ఏడాది మాత్రం చేతికి చిక్కదు. అదే కొత్త ఊళ్ళో నాలుగు రోజులు తిరిగితే అవి అక్కడున్నప్పుడు రెప్పపాటులో అయిపోయి, ఇంటికొచ్చాక నెలరోజులైనట్టుంటాయి. అభ్యర్థికి పనికొచ్చేది విసుగే.

మరీ త్వరగా ఫలితం కావాలంటే భాగవతంలో కకుద్మి మహారాజు చూపిన మార్గం ఉంది. కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడుగుదామని పిల్లని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ గంధర్వుల పాట నడుస్తోంది. మర్యాద తెలిసినవాడు కనుక, అయ్యేదాకా ఆగుదాంలే అనుకున్నాడు. ఆగింది క్షణకాలం. పాట అయ్యాక తన మనసులో ఉన్న సంబంధాల గురించి విన్నవిస్తే బ్రహ్మదేవుడు నవ్వాడట. ఈలోపు భూలోకంలో ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయి, ఆ పెళ్ళికొడుకులే కాదు, వాళ్ళ మనవల పేర్లు కూడా ఎవరికీ గుర్తులేవు. చివరికి బలరాముడితో సంబంధం కుదిరింది గనుక కథ సుఖాంతమే. బ్రహ్మలోకం దాకా వెళ్ళే ఓపిక లేనివారు పడుకునేముందు ‘ఒక్క రీల్ చూసి పడుకుందాం’ అనుకుంటే చాలు. బ్రహ్మదేవుడి నవ్వు ఒక్కటే అక్కడ వినబడదు.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష కూడా ఒకటుంది. 1990లలో అమెరికాలో పీటర్ మ్యాంగన్ అనే పరిశోధకుడు, మూడు నిమిషాలు అయ్యాయనిపించినప్పుడు చెప్పమని కొందరిని అడిగాడు. పందొమ్మిది నుంచి ఇరవై నాలుగేళ్ళ వాళ్ళు సగటున మూడు నిమిషాల మూడు సెకన్లకి చెప్పారు. అరవై దాటినవాళ్ళు మూడు నిమిషాల నలభై సెకన్లకి. లోపలి గడియారం నెమ్మదిస్తే బయటి ప్రపంచం పరుగెడుతున్నట్టే అనిపిస్తుంది. పాల గిన్నె పొయ్యి మీద పెట్టి తాతయ్యని చూస్తూ ఉండమనే ముందు ఈ ఫలితాన్ని ఇంటివాళ్ళు దృష్టిలో ఉంచుకోవచ్చు.

ఇక గుర్తులు. వీటి విషయంలో వెనకటి తరం చాలా అజాగ్రత్తగా ఉండేది. కృష్ణా జిల్లాలో ఒక పెద్దావిడని కూతురు ఎప్పుడు పుట్టిందని అడిగితే తారీఖు చెప్పదు. ‘దివిసీమ ఉప్పెనకి అది పొత్తిళ్ళలో ఉంది’ అంటుంది. అంటే 1977 నవంబర్. తెలంగాణ పల్లెల్లో అయితే పోలీస్ యాక్షన్‌కి ముందా, తర్వాతా అన్నది గుర్తు, అది 1948 సెప్టెంబర్. రికార్డుల్లో మాత్రం బడిలో చేర్చుకున్న మాస్టారు తన సౌకర్యం కొద్దీ రాసిన పుట్టినరోజు ఉంటుంది. ఒకే ఊళ్ళో అంతమంది జూన్, జూలై ఒకటో తారీఖుల్లోనే ఎలా పుట్టారన్నది ఆ మాస్టారికే తెలియాలి. రికార్డులోని తారీఖు కల్పితం, ఉప్పెనతో ముడిపడ్డ ఏడాది మాత్రం పక్కా. ఇలా ప్రతి ఏటికీ ఒక మేకు కొట్టి తగిలించుకుంటే ఆ ఏళ్ళు జారిపోవు. కాబట్టి అభ్యర్థి మేకులు కొట్టకూడదు. వేల ఫోటోలు ఫోన్‌కి అప్పజెప్పి నిశ్చింతగా ఉండాలి. అప్పుడు రాష్ట్రం నిన్ననే విడిపోయినట్టుంటుంది, 2014లో పుట్టిన పిల్లలు హైస్కూలుకొచ్చేశారంటే నమ్మబుద్ధి కాదు. జరిగినదాన్ని ఉన్నదానికంటే దగ్గరగా ఊహించుకోవడం మనుషులందరికీ ఉన్న గుణమే, సర్వేలు చేసేవాళ్ళని ఎప్పట్నుంచో తిప్పలు పెడుతోంది.

ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు పెట్టి ప్రతి ఏటినీ విడిగా పిలిచే ఏర్పాటు తెలుగువాళ్ళకి ఎప్పట్నుంచో ఉంది. దాన్ని కూడా ఉగాది పూట టీవీలో పంచాంగ శ్రవణం వరకే పరిమితం చేసుకోవడం మంచిది. లేకపోతే 1965లో వచ్చిన విశ్వావసు 2025లో మళ్ళీ వచ్చినప్పుడు షష్టిపూర్తి చేసుకుంటూ, మధ్యనున్న యాభై తొమ్మిదింటికీ లెక్క అడగాలనిపిస్తుంది.

జ్యోతిష్కులు ఈ విషయంలో మొదట్నుంచీ గడుసుగానే ఉన్నారు. నూట ఇరవై ఏళ్ళ వింశోత్తరి దశల్లో రవికి ఆరేళ్ళు, శనికి పందొమ్మిది, శుక్రుడికి ఇరవై. కాగితం మీద శుక్ర మహాదశే అన్నిటికన్నా పొడవు. అయితే అది ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్ళిందో ఎవరూ గమనించరు. ఏలినాటి శని ఏడున్నరేళ్ళే, పట్టినవాళ్ళని అడగాలి.

ఇక్కడే ఈ మార్గదర్శికలో ఒక చిక్కొచ్చి పడుతుంది. పైన చెప్పినవన్నీ సవ్యంగా జరుగుతున్న జీవితానికే పనిచేస్తాయి. కోర్టులో పొలం తగాదా నడుస్తున్నవాడికి, ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాడికి, ఉద్యోగం పోయి ఫోన్ కోసం ఎదురుచూసేవాడికి ఏ చిట్కా పనికిరాదు. పిల్ల అడుగులు వేయకముందే జగిత్యాల నుంచి బయల్దేరి దుబాయ్ విమానం ఎక్కి, అది బడికి వెళ్ళేనాటికి తిరిగొచ్చే తండ్రిని ఏళ్ళు పరుగెడుతున్నాయా అని అడగడం మర్యాద కాదు. 2020 లాక్‌డౌన్‌లో బ్రిటన్‌లో ఒక పరిశోధకురాలు జనాన్ని అడిగితే, కాలం మామూలుగానే నడిచిందన్నవాళ్ళు ఐదింట ఒక వంతే. మిగతావాళ్ళలో దాదాపు సగం మందికి పరుగెత్తింది, సగం మందికి పాకింది. పాకినవాళ్ళలో పెద్ద వయసువాళ్ళు, దిగులు ఎక్కువైనవాళ్ళు, మనుషులకి దూరమైనవాళ్ళు ఎక్కువ. వయసొస్తే ఏళ్ళు ఎగిరిపోతాయన్న సూత్రం తలుపులు మూసుకున్న ఇళ్ళలో తిరగబడింది. అంతకుముందు 2005లో మార్క్ విట్‌మన్, సాండ్రా లెన్‌హాఫ్ జర్మనీ, ఆస్ట్రియాల్లో పద్నాలుగు నుంచి తొంభై నాలుగేళ్ళ వరకు దాదాపు అయిదు వందలమందిని అడిగారు. గడిచిన వారం గురించి, నెల గురించి, ఏడాది గురించి పిల్లా పెద్దా తేడా లేకుండా ‘తొందరగా అయిపోయింది’ అనే అన్నారు. గడిచిన పదేళ్ళ దగ్గరే వయసు కాస్త ప్రభావం చూపింది, అదీ అంతంతమాత్రమే. కాలం పరుగెడుతోందని మొరపెట్టుకోవడం ముసలితనం లక్షణం కంటే కాస్త కలిగినతనం లక్షణమేమోనని అనుమానం.

తుది పరీక్ష 2027లో ఉంది, హాల్ టికెట్ అక్కర్లేదు. గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి సుమారు పన్నెండేళ్ళు పడుతుంది, ఆ లెక్కన 2015 తర్వాత గోదావరి పుష్కరాలు మళ్ళీ అప్పుడే. అభ్యర్థి ధర్మపురిలోనో భద్రాచలంలోనో మెట్ల మీద తడిబట్టలతో నిలబడి ‘మొన్ననే కదా వచ్చి వెళ్ళాం’ అని మనస్ఫూర్తిగా అనగలిగితే పాసైనట్టే. పదకొండేళ్ళ పిల్లని మాత్రం పక్కన ఉంచుకోవద్దు. ‘మొన్నంటే ఎప్పుడు నాన్నా, నేనప్పటికి పుట్టనేలేదుగా?’ అని అడుగుతుంది, వెనకాల వరసలో ఉన్నవాళ్ళు నవ్వుతారు.