ఉమ్మడి ఉద్యోగం

మన ఇళ్ళల్లో ఉద్యోగానికి వెళ్ళేది ఒక్కడే. ఉద్యోగం మాత్రం అందరిదీ. దాని మీద తల్లికి పేరంటాల్లో చెప్పుకునే హక్కు, తండ్రికి పెన్షనర్ల సంఘంలో చెప్పుకునే హక్కు, మేనత్తకి దాన్ని చూపించి తన కొడుకుని తిట్టుకునే హక్కు ఉంటాయి. ఇంతమంది వాటాలున్న ఉమ్మడి ఆస్తిని మా బావమరిది ఎవరి సంతకమూ తీసుకోకుండా, ఒక శుక్రవారం సాయంత్రం రెండు ముక్కల ఈమెయిల్‌తో వదిలేశాడు.

షార్లెట్‌లో పెద్ద బ్యాంకు. డేటాబేసుల పని. ఏటా బోనసు. అది మానేసి ఊరూరా తిరుగుతూ డిస్క్ గోల్ఫ్ ఆడతాడట!

ఈ కబురు తెనాలి చేరవేసే పని నా మెడకి చుట్టుకుంది. అల్లుడి మీద అరవరు కదా అని మా ఆవిడ ధైర్యం. వీడియో కాల్‌లో మా అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నారు.

"ఏం ఆట బాబూ అది?"

"గోల్ఫ్ లాంటిదే అత్తయ్యగారూ. కర్రా బంతీ ఉండవు. గుండ్రటి ప్లాస్టిక్ డిస్కు విసిరి, దూరంగా గొలుసులు వేలాడుతున్న బుట్టలో పడెయ్యాలి. పద్దెనిమిది బుట్టలు. అన్నిటికీ కలిపి తక్కువసార్లు విసిరినవాడు గెలిచినట్టు."

"అంటే పళ్ళెం విసరడం."

"దాదాపు అంతే."

"పప్పులో ఉప్పు తక్కువైనప్పుడల్లా మీ మామగారు విసురుతూనే ఉన్నారు. ఆయనకెవరూ డబ్బులివ్వలేదే!"

ఫోన్‌కి కనపడని మూల నుంచి మామగారి దగ్గు వినిపించింది.

నిజానికి ఆవిడ చరిత్రే చెప్పారు. కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఫ్రిస్బీ అనే బేకరీ ఉండేది. దాని రేకు పళ్ళేలని కుర్రాళ్ళు గాల్లోకి విసిరి ఆడుకునేవాళ్ళు. ప్లాస్టిక్ పళ్ళేన్ని వామ్-ఓ అనే బొమ్మల కంపెనీ 1957లో అమ్మడం మొదలుపెట్టింది. ఆ కంపెనీలో మంచి పదవిలో ఉన్న ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి డిస్క్ గోల్ఫ్ కోర్సు వేయించాడు. గొలుసుల బుట్ట కూడా ఆయన తయారుచేసిందే. 1976లో ప్రొఫెషనల్ ఆటగాళ్ళకి సంఘం పెట్టి, బొమ్మల కంపెనీ వదిలేసి ఈ బుట్టల్లోనే పడ్డాడు. మధ్యలో కాల్‌లోకి వచ్చిన మా బావమరిది ఈయన్ని ఆదర్శంగా చూపించాడు. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని డిస్కుల ప్లాస్టిక్‌లో కలిపి పోతపోశారని కూడా చెప్పాడు.

అత్తగారి చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "కృష్ణలో కలపాల్సింది పళ్ళేల్లో కలిపారా? ఒరేయ్, నువ్వు అలాంటి వీలునామాలేవీ రాయకు!"

అసలు వీడికి ఈ బుద్ధి ఇన్నాళ్ళకి ఎందుకు పుట్టిందంటే, ఇన్నాళ్ళూ పుట్టడానికి వీల్లేక. హెచ్-1బీ మీద ఉన్నవాడు ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో ఉద్యోగమో, ఇంకో దారో, విమానం టికెట్టో వెతుక్కోవాలి. "పళ్ళేలు విసురుకుంటాను, స్పాన్సర్ చెయ్యండి" అంటే వినే నాథుడు లేడు. మనవాళ్ళకి గ్రీన్ కార్డు వరస ఎంత పొడుగో తెలియని తెలుగిల్లు లేదు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆ వరసలో నుంచున్న మా వాడికి, కార్డు చేతికొచ్చేసరికి నలభై నిండాయి. డిస్క్ గోల్ఫ్‌లో నలభై దాటినవాళ్ళకి మాస్టర్స్ అని విడిగా ఒక విభాగం ఉంది. అమెరికా ప్రభుత్వం తన మీద దయతలచి సరిగ్గా ఆ విభాగానికి అర్హత వచ్చేదాకా ఆపి మరీ కార్డు ఇచ్చిందని వాడి నమ్మకం.

వాడి భార్యకి ఆసుపత్రిలో ఫార్మసిస్టు ఉద్యోగం. ఇల్లు గడిచేదీ ఇన్సూరెన్సు నడిచేదీ దాని మీదే. ఆ అమ్మాయి పెట్టిన షరతు ఒక్కటే. డిస్కులు గరాజ్ దాటి లోపలికి రాకూడదు. మా అత్తగారు పెట్టిన షరతులకి మాత్రం లెక్కలేదు.

కుటుంబ సభ పెట్టాం. తెనాలి, షార్లెట్, మధ్యలో ఎందుకో దుబాయ్ నుంచి మేనత్త. మా వాడు తన వాదన వినిపించాడు. పాల్ మెక్‌బెత్ అనే ఆటగాడు 2021లో డిస్కులు చేసే ఒక కంపెనీతో పదేళ్ళకి కోటి డాలర్ల ఒప్పందం చేసుకున్నాడని చెప్పగానే సభ నిశ్శబ్దమైంది. మేనత్త మనసులో రూపాయల్లోకి మార్చుకుంటున్నట్టు పెదాలు కదిలాయి.

మామగారు రిటైర్డ్ బ్యాంకు క్యాషియరు. "కోటి వాడికి. మిగతావాళ్ళకి?" అన్నారు.

మిగతావాళ్ళకి ఎంట్రీ ఫీజు వెనక్కొస్తే పండగ. మా వాడు ఆ మాట మింగేసి తన రేటింగ్ చెప్పాడు. ఈ ఆటలో ప్రతి ప్రొఫెషనల్‌కీ ఒక అంకె ఉంటుంది. వెయ్యి అంటే గట్టి ఆటగాడని అర్థం. వాడిది తొమ్మిది వందల నలభై.

"వెయ్యికి తొమ్మిది వందల నలభయ్యా?" అత్తగారి మొహం వెలిగింది. వాడికి ఇంటర్‌లో కూడా అన్ని రాలేదు.

"ఆ అరవై ఎక్కడ పోయాయి?" అన్నారు మామగారు, అలవాటు కొద్దీ.

పైవాళ్ళకి వెయ్యి దాటి కూడా వస్తాయని వాడు వివరించబోతే, వెయ్యికి వెయ్యీ యాభై ఇచ్చే కాలేజీ ఏదో కనుక్కుని తన మనవణ్ణి అందులో చేర్పించమని మేనత్త అడిగింది. సభ అక్కడితో ముగిసింది. వాడికి అనుమతి దొరికిందో లేదో ఎవరికీ తేలలేదు. మన కుటుంబాల్లో అనుమతి ఇలాగే వస్తుంది.

మినీవ్యాన్ వెనక సీట్లు పీకేసి పరుపు వేశాడు. కుక్కరూ, ఆవకాయ సీసా, సంచీలో ఇరవై డిస్కులు. దూరానికి డ్రైవర్లు, నడిమి దూరానికి మిడ్‌రేంజ్‌లు, బుట్ట దగ్గరకొచ్చాక పట్టర్లు. ఒకటి ఎడమకి వంగుతుంది, ఒకటి కుడికి తిరిగి మళ్ళీ ఎడమకి వస్తుంది, ఒకటి వాడు ఎటు చెప్పినా చెరువులోకే పోతుంది. సంచీ చూసి అత్తగారు, "విష్ణుమూర్తికి ఒక్కటి సరిపోయిందిరా. పైగా ఆయనది తిరిగొచ్చేది" అన్నారు.

షార్లెట్‌కి అరగంట దూరంలో రాక్ హిల్ ఉంది. అక్కడి విన్‌త్రాప్ యూనివర్సిటీ మైదానంలో 1999 నుంచి అమెరికా డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. చూసొద్దామని నన్ను లాక్కెళ్ళాడు. పన్నెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన కెన్ క్లైమో నడిచిన గడ్డి అంటూ నా చేత చెప్పులు విప్పించినంత పని చేశాడు. దారి పొడుగునా తాళ్ళు కట్టి ఉంటాయి. తాడు దాటి పడితే ఒక విసురు జరిమానా. దాటిన ఆటగాడు ఎవరినీ తిట్టడు, అంపైర్ వైపు చూడడు, తన స్కోరుకి తనే ఒకటి కలుపుకుంటాడు. క్రికెట్ చూసి పెరిగిన నాకు ఈ మర్యాద కొంచెం అనుమానంగానే అనిపించింది.

వాడి మొహం వెలిగేది మాత్రం 2021 ప్రపంచ పోటీ గురించి చెప్పేటప్పుడు. యూటాలోని ఆగ్డెన్‌లో ఆఖరి బుట్ట. జేమ్స్ కాన్రాడ్ ఒక విసురు వెనకబడి ఉన్నాడు. 247 అడుగుల నుంచి నేరుగా బుట్టలో పడితేనే మెక్‌బెత్‌తో సమానం. పడింది. ఆ తర్వాత ప్లేఆఫ్‌లో గెలిచాడు కూడా. ఆ వీడియో వాడు నాకు పెట్రోల్ బంకుల దగ్గర, పెళ్ళి విందులో, ఒకసారి దంతవైద్యుడి గదిలో చూపించాడు. నేనూ ప్రతిసారీ మెడ సాచే చూస్తాను. అది పడుతుందని తెలిసినా, ఈసారి పడదేమో అనిపిస్తుంది.

మొన్న వర్జీనియాలో చిన్న టోర్నమెంటులో మా వాడికి మొదటిసారి డబ్బులొచ్చాయి. డెబ్భై డాలర్లు. ఎంట్రీ ఫీజు తొంభై. చెక్కు కెమెరా ముందు ఆడిస్తుంటే అత్తగారు చిక్కుడుకాయలు పక్కన పెట్టి, కళ్ళకద్దుకుని, మొదటి సంపాదన కాబట్టి వేంకటేశ్వరస్వామి హుండీకి పంపించమన్నారు.

"లెక్క ప్రకారం ఇరవై డాలర్లు నష్టంలో ఉన్నానమ్మా. హుండీలో ఏం వెయ్యను, అప్పా?"

"ఫరవాలేదు, చెప్పుకో. కుబేరుడి దగ్గర ఆయనకీ ఉంది."