జర ముందుగాల చెప్పుండ్రి సారూ!

ప్రపంచంలోని భౌతికశాస్త్రవేత్తలంతా ఒక్కసారి సిద్దిపేటకు వచ్చిపోతే వాళ్ళ బాధలన్నీ తీరిపోతాయి. కోమటిచెరువు కట్ట మీద పొద్దుటి నడక అయ్యాక బెంచీల దగ్గర కూడే పెద్దమనుషులకు విశ్వంలో తెలియని సంగతంటూ లేదు. డార్క్ మ్యాటర్ అని నోరు తెరిస్తే చాలు, "గదంతా మనోళ్ళు వేల ఏండ్ల కిందనే రాసిపెట్టిన్రు" అంటారు. ఏ గ్రంథంలో సారూ అంటే, "అన్నిట్ల ఉన్నది తియ్" అంటారు. ఏ శ్లోకమని అడిగినవాడు ఇక ధర్మద్రోహే.

అవతల సైన్సువాళ్ళ అవస్థ చూడండి. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీల గుంపును గమనించి, కంటికి కనబడే పదార్థం లెక్కకు చాలడం లేదు, కనబడనిదేదో ఉందన్నాడు. తొంభై ఏళ్ళు దాటినా ఆ డార్క్ మ్యాటర్ ఏమిటో తేలలేదు. 1998లో విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని బయటపడింది. కారణం తెలియక దానికి డార్క్ ఎనర్జీ అని పేరుపెట్టి తలలు పట్టుకున్నారు. విశ్వంలో మనకు తెలిసిన పదార్థం 5 శాతమే, మిగతా 95 శాతం ఏమిటో తెలియదని నోబెల్ గ్రహీతలే ఒప్పుకుంటున్నారు. అంత చదువు చదివి తెలియదనడానికి సిగ్గుండొద్దూ! మా బెంచీ మీద ఆ మాట ఎవరి నోటా రాదు.

ఈ ప్రతిభ మా ఊరికే సొంతం కాదులెండి. 2018 మార్చిలో ఇంఫాల్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి కేంద్ర సైన్స్ మంత్రి, ఐన్‌స్టీన్ సూత్రాన్ని మించినది వేదాల్లో ఉండొచ్చని స్టీఫెన్ హాకింగ్ అన్నాడని సెలవిచ్చారు. హాకింగ్ పోయి అప్పటికి రెండు రోజులే. ఆధారమేదని విలేఖరులు అడిగితే ముందు మీరు వెతకండన్నారు. మరుసటేడు జలంధర్ సభలో తెలుగువాళ్ళ పరువు నిలిపే భారం ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి వైస్ ఛాన్సలర్ మోశారు. కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బిడ్డలట, రావణుడికి 24 రకాల విమానాలట. అదే సభలో ఇంకొకాయన న్యూటన్, ఐన్‌స్టీన్ ఇద్దరిదీ తప్పని తేల్చి, గురుత్వ తరంగాలకు ప్రధానమంత్రి పేరు పెట్టాలన్నాడు.

గురుత్వం అంటే రోకలి గుర్తొస్తుంది. గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్లెంలో నీళ్ళు పోసి, పసుపు కుంకుమ వేసి, నడుమ రోకలి నిలబెడతారు. అది నిలబడుతుంది. సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. "సూర్యుడు, చంద్రుడు ఒక్కదిక్కు గుంజుతున్నరు గద, భూమి పట్టు తప్పింది" అని వ్యాఖ్యానం. అయ్యా, రోకలి అడుగు చదును. ఓపిక పట్టి నిలబెడితే ఏ బుధవారమైనా నిలబడుతుంది. సూర్యచంద్రులు ప్రతి అమాస్యకూ ఒక్కదిక్కునే ఉంటారు. ఎంగిలిపూల బతుకమ్మ అమాస్య నాడే కదా, మరి ఆ రోజు రోకలి మూలకెందుకు ఒరిగి ఉంది? వాళ్ళిద్దరూ కలిసి గుంజినా మన బరువులో వచ్చే తేడా కోటిలో ఒకటి రెండు వంతులు. గ్రహణమంటే నీడల ఆట అని ఆర్యభటుడు 499 నాటికే చెప్పాడు. పూర్వీకుల మీద అంత భక్తి ఉన్నవాళ్ళకు ఆ పూర్వీకుడు మాత్రం పనికిరాడు.

గ్రహణం నాడు గురుత్వాన్ని నిజంగా పరీక్షించినవాళ్ళున్నారు. 1919 మే 29న బ్రిటిష్ బృందాలు ప్రిన్సిపె దీవిలో, బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో మకాం వేసి, సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రకాంతి ఎంత వంగిందో ఫొటో పలకల మీద కొలిచాయి. ఎంత వంగాలో ఐన్‌స్టీన్ 1915లోనే లెక్కగట్టి పెట్టాడు. లెక్క తప్పితే పరువు పోయేది ఆయనదే. మనవాళ్ళకు ఆ భయం లేదు. ఎవరో కనుక్కునేదాకా ఆగి, కనుక్కున్న మర్నాడు "మేం ఎప్పుడో చెప్పినం" అంటారు.

అందుకే కట్ట మీది పెద్దలకు ఒక విన్నపం. విశ్వం విస్తరించే వేగం, మెగాపార్సెక్‌కు సెకనుకు కిలోమీటర్లలో, ప్లాంక్ ఉపగ్రహం లెక్కలో 67, నక్షత్రాలతో కొలిచినవాళ్ళ లెక్కలో 73. ఈ పంచాయితీ ఇంకా తెగలేదు. మీ గ్రంథంలో ఉన్నది ఏ అంకె? డార్క్ మ్యాటర్ కణం ఉంటే దాని బరువెంత? శ్లోకంతో సహా కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వండి. రేపు నిజమని తేలితే పాత బస్టాండు దగ్గర మీ ఫ్లెక్సీ నా ఖర్చుతో కట్టిస్తాను. రాయలేకపోతే, బడికి పోయే పిల్లలు అడిగినప్పుడు మాకు తెల్వదని ఒప్పుకోండి. వాళ్ళకు కనుక్కోవడానికి ఏదో ఒకటి మిగలాలి కదా.