అయిదు నిమిషాల దీపం

మైక్రోకంట్రోలర్ బోర్డు కొన్నవాడికి లోకం ఇచ్చే మొదటి ఆశీర్వచనం ఒకటే: ‘అయిదు నిమిషాల్లో ఎల్‌ఈడీ వెలిగించేయొచ్చు.’ సాఫ్ట్‌వేర్ దింపుకోవడం, బోర్డు తగిలించడం, అప్‌లోడ్ నొక్కడం, అంతే. ముహూర్తం పెట్టిన పంతులుగారు కాపురానికి పూచీ పడనట్టే, ఈ అయిదు నిమిషాలకూ పూచీ పడేవాడు ఎవడూ కనిపించడు.

ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పే బ్లింక్ ప్రోగ్రాంకు ఆర్డుయినో ఊనో బోర్డులో పట్టే చోటు 924 బైట్లకు అటూ ఇటూ. ఈ పేరా ఒక్కటీ కంప్యూటర్లో దాచుకుంటే అంతకన్నా ఎక్కువే అవుతుంది. ఆ కాస్త సరుకును బోర్డులోకి పంపడానికి డెస్క్‌టాప్ మీదికి ఎడిటరు, కంపైలరు, లైబ్రరీలు, అప్‌లోడరు కలిసి వందల మెగాబైట్ల ఊరేగింపుగా దిగుతాయి. ప్రోగ్రాం రాసుకోవడానికి చిప్ కంపెనీలు ఇచ్చే సొంత ఐడీఈలలో కొన్నయితే గిగాబైట్లకు తక్కువ మాట్లాడవు. విండోస్‌లో మీ యూజర్ పేరు మధ్య ఖాళీ ఉందా? పేరు తెలుగు లిపిలో పెట్టుకున్నారా? కొన్ని టూల్‌చెయిన్లకు మీ ఫోల్డరుకు దారే దొరకదు. పేరు మార్చుకుని రండి.

అన్నీ సర్దుకుని కేబుల్ తగిలిస్తే బోర్డు మీద పవర్ దీపం వెలుగుతుంది, పోర్టు మాత్రం కనబడదు. ఎందుకంటే అది ఛార్జింగ్‌కే పనికొచ్చే చౌక కేబుల్. లోపల డేటా వైర్లు లేవు. ఈ ముక్క కంప్యూటర్ చెప్పదు, కేబుల్ మీద రాసి ఉండదు. కేబుల్ మార్చాక డ్రైవరు వంతు. చౌక క్లోన్ బోర్డుల్లో చాలావాటి మీద యూఎస్‌బీ సంభాషణ చూసే సీహెచ్340 చిప్‌కు ఒక డ్రైవరు, ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్‌కు ఇంకొకటి. ఈ ఎఫ్‌టీడీఐ 2014లో ఒక ఘనకార్యం చేసింది. విండోస్ అప్‌డేట్‌తో పాటు వచ్చిన దాని డ్రైవరు, నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నా చేసి పడుకోబెట్టింది. నకిలీ చేసినవాడు క్షేమం. తెలియక కొన్న కుర్రాడికి శిక్ష.

‘విండోస్‌తోనే ఈ గోలంతా, లినక్స్‌కు రా నాయనా’ అనే పెద్దలుంటారు. వెళితే అక్కడ పోర్టు చక్కగా కనబడుతుంది, ముట్టుకోనివ్వదు. ఫోన్ మోడెముల కాలం నాటి ‘డయలౌట్’ గ్రూపులో సభ్యత్వం పుచ్చుకుని, లాగౌటై, మళ్లీ లోపలికి రావాలి. ఉబుంటు లినక్స్ 22.04లో ఇంకో విశేషం. అంధులు చదివే బ్రెయిలీ పరికరాలకు సాయపడే బీఆర్‌ఎల్‌టీటీవై ప్రోగ్రాం సీహెచ్340 బోర్డును చూసి, బ్రెయిలీ పరికరమే వచ్చిందనుకుని పోర్టును పట్టుకు కూర్చునేది. దాన్ని తప్పుపట్టలేం, రెండింటి యూఎస్‌బీ గుర్తింపు సంఖ్యా ఒకటే. మరి ఆ అయిదు నిమిషాల్లో ఈ కథ ఎన్నో నిమిషంలో వస్తుందో కాస్త చెప్పండి.

దిక్కుతోచక ఎవరినైనా అడిగితే ‘నాకు బాగానే పనిచేసిందే!’ అంటారు. పనిచేయదా మరి? ఆయన కంప్యూటర్లో ఆ డ్రైవరు నాలుగేళ్ల కిందటే ఎక్కింది. కొన్ని ఈఎస్‌పీ32 బోర్డులకు తెర మీద ‘కనెక్టింగ్’ చుక్కలు నడుస్తుండగా బూట్ బటన్ నొక్కిపట్టాలని ఆయన వేలికి తెలుసు, నోటికి గుర్తులేదు.

ఇదంతా తప్పనిసరి అనుకుందామంటే, 2021లో 4 డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు ఆ సాకూ మిగల్చలేదు. బటన్ నొక్కిపట్టి తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, ఫైలు అందులో పడేస్తే పని అయిపోతుంది. డ్రైవరు ఊసే లేదు. కానీ ఆ ఫైలును సీ భాషలో మనమే తయారు చేసుకుందామంటే మళ్లీ సీమేకూ, ఆర్మ్ కంపైలరూ, ఊరేగింపూ.

ఇక మన ఇంజినీరింగ్ కాలేజీల సంగతి చూడండి. ల్యాబు కంప్యూటర్లో డ్రైవరు ఎక్కించాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అది తెలిసిన ఒక్క సారూ ఆ రోజు సెలవు. పీరియడ్ అంతా కుర్రాళ్లు డివైస్ మేనేజర్‌లో పసుపు పచ్చని ఆశ్చర్యార్థకాన్ని దర్శించుకుంటారు. రికార్డులో మాత్రం అరవై మందికీ ఎల్‌ఈడీ వెలిగింది, కింద సంతకం కూడా పడింది.